టీవీలో చూసి తెప్పించుకున్న మోకాళ్ల నొప్పుల మందు: మా అమ్మ వాడాక తెలిసినవి

కనిగిరి దగ్గరి మా ఊళ్లో ఉంటున్న అమ్మకు డెబ్బై రెండేళ్లు. పన్నెండేళ్లుగా షుగరు ఉంది, ఆరేడేళ్లుగా మోకాళ్లు నొస్తున్నాయి. సంక్రాంతి వెళ్లాక ఆమె టీవీలో చూసి, ఒంగోలులో ఉన్న నాకు చెప్పకుండా, రెండు నూనె సీసాలు, ఒక పొడి డబ్బా ఉన్న పెట్టెను 3,490 రూపాయలకు తెప్పించుకున్నది. నేను రాయబోయే సంగతులు ఆ ఒక్క పెట్టెకే చెందినవి కావు కనుక కంపెనీ పేరు రాయడం లేదు.

ఆ కార్యక్రమం ఉదయం రాశిఫలాలు అయిపోగానే అరగంట సేపు వస్తుంది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన ప్రశ్నలకు జవాబులు చెబుతూ, మోకాలిలో అరిగిపోయిన గుజ్జు మళ్లీ పుడుతుందనీ, పొడి వాడితే షుగరు కూడా అదుపులోకి వస్తుందనీ నమ్మకంగా చెబుతాడు. ఇది ప్రకటన అన్న మాట తెర మూలన ఉంటుంది గానీ, శుక్లాలు ముదిరిన కళ్లకు అది కనిపించేంత పెద్దది కాదు. నేను కోప్పడినప్పుడు అమ్మ ఒక్కటే అడిగింది: "తప్పుడు మందైతే గవర్నమెంటు టీవీలో రానిస్తుందా నాయనా?"

మా ప్రాంతంలో ఇలాంటి మందుకు గిరాకీ ఎందుకుంటుందో కూడా చెప్పాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రమాణం ఉన్నా, కనిగిరి వైపు పల్లెల్లో అంతకు మించిన బోరు నీళ్లనే ఏళ్ల తరబడి తాగి, నడుములూ కీళ్లూ బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. దానికి వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల తోడవుతుంది. ఈ రెండింటిలో దేన్నీ వెనక్కు మళ్లించే నూనె లేదు.

నూనె విషయం త్వరగా ముగిస్తాను. కర్పూరం, పుదీనా వాసన వస్తుంది. రాయగానే చల్లగా, కాసేపటికి వెచ్చగా అనిపించి గంటో రెండు గంటలో నొప్పి మీది ధ్యాస తప్పుతుంది. మందుల షాపులో చాలా తక్కువ ధరకు దొరికే నొప్పుల ట్యూబు చేసే పని కూడా ఇంతే.

పొడి సంగతి వేరు. నాలుగు రోజుల్లోనే నొప్పి బాగా తగ్గింది. ఏడాదిగా గడప దాటడానికే ఇబ్బంది పడిన మనిషి గుడిదాకా నడిచి వెళ్లివచ్చింది, అది చూసి పక్కింటి వాళ్లు కూడా అదే నంబరుకు ఫోన్ చేశారు. మూడో వారానికి ముఖం ఉబ్బింది, దాహం ఎక్కువైంది, రాత్రిళ్లు నాలుగైదుసార్లు లేవవలసి వచ్చింది. ఒంగోలుకు తీసుకువచ్చి పరీక్ష చేయిస్తే పరగడుపు షుగరు 286 ఉంది. డాక్టరుగారు ముఖం చూస్తూనే ఏదైనా పొడి వాడుతున్నారా అని అడిగారు. మూలికల మందు పేరుతో అమ్మే కొన్ని నొప్పుల పొడుల్లో, చెప్పకుండా స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు వైద్యులకు కొత్త కాదు. స్టెరాయిడ్ వాపును, నొప్పిని వేగంగా అణుస్తుంది, అదే సమయంలో రక్తంలో చక్కెరను పెంచుతుంది, ముఖం ఉబ్బేలా చేస్తుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. కొంతకాలం వాడాక ఒక్కసారిగా మానేస్తే శరీరం తనంతట తాను తయారుచేసుకోవలసిన హార్మోను అందక ప్రాణం మీదికి రావచ్చు కనుక, ఆ పొడిని కూడా డాక్టరుగారు తన పర్యవేక్షణలోనే మాన్పించారు. మేము డబ్బాను ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదు, అందువల్ల అందులో స్టెరాయిడ్ ఉందని నేను అనను. అయితే ఆయుర్వేద మందు డబ్బాపై తప్పనిసరిగా ఉండవలసిన తయారీ లైసెన్సు నంబరు గానీ, ఏ మూలిక ఎంత వేశారన్న లెక్క గానీ దానిపై లేవు.

నా దృష్టిలో పొడికంటే కూడా ప్రమాదకరమైనది ఫోన్. మిస్డ్ కాల్ ఇచ్చిన పది నిమిషాల్లో ఒక అబ్బాయి ఫోన్ చేసి, అమ్మా అమ్మా అంటూ ఆమె వాడే బిళ్లలన్నిటి వివరం రాబట్టి, ఈ పొడి వాడినన్నాళ్లూ ఇంగ్లీషు మందులు మానేయమనీ, రెండూ కలిస్తే గుణం ఉండదనీ చెప్పాడట. అమ్మ షుగరు బిళ్లలు మానేసింది ఆ మాటతోనే. ఆ తరువాత అతడు రెండు మూడు రోజులకోసారి ఫోన్ చేసి, అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా అని అడిగేవాడు. నేను ఆదివారాలు మాత్రమే ఫోన్ చేసేవాణ్ణి. అమ్మ ఆ మాట అననే లేదు గానీ, ఆమె ఫోన్‌లో వచ్చిన కాల్స్ చూసినప్పుడు నాకు అర్థమైంది.

1954 నాటి మందులు, మాయచికిత్సల ప్రకటనల చట్టం షెడ్యూలులో 54 జబ్బులున్నాయి. మధుమేహం, రక్తపోటు, పక్షవాతం, కీళ్లవాతం వాటిలోవే. వీటిని నయం చేస్తామని ప్రకటించడమే నేరం, మొదటిసారి రుజువైతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఇన్ని ఉండగా అరగంట కార్యక్రమం రోజూ ఎలా వస్తున్నదన్న అమ్మ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

నచ్చకపోతే ముప్పై రోజుల్లో డబ్బు వాపసు అన్నారు. అడిగితే ఖాళీ సీసాలు పంపమన్నారు, పంపాక ఆ నంబరు ఎత్తడం మానేశారు. ఇలాంటి సరుకు కొనవద్దు. ఇప్పటికే కొన్నవాళ్లు షుగరు, బీపీ బిళ్లలను ఈరోజే మళ్లీ మొదలుపెట్టడం గురించి, పొడిని ఎలా మానాలన్న దాని గురించి తమ డాక్టరును అడగాలి, డబ్బా వెంట తీసుకువెళ్లాలి. పోస్టు రసీదు, పెట్టె మీది చీటీ, ఫోన్ నంబరు పారేయకుండా ఉంచుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసేటప్పుడు పనికివస్తాయి. అమ్మ ఇప్పుడు డాక్టరు చెప్పినట్టు కుర్చీలో కూర్చొని రోజుకు రెండు పూటలా కాలు చాచి ఎత్తే వ్యాయామం చేస్తున్నది. నొప్పి పూర్తిగా పోలేదు, పరగడుపు షుగరు మాత్రం 140కి దిగింది.