హేవర్డ్‌లో నాన్న గాలం

మా నాన్నకి గాలం వెయ్యడం వచ్చని నాకు నలభై రెండేళ్ళు వచ్చాక తెలిసింది, అదీ విస్కాన్సిన్‌లో. అమలాపురం దగ్గర కాలవ గట్టు మీద ఊరు మాది. నాకు తెలిసిన నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బ్యాంకుకి వెళ్ళే మనిషి. మా ఇంట్లో వండిన చేపలన్నీ అమ్మ గుమ్మంలో బేరమాడి కొన్నవే. అమ్మ పోయాక, పోయిన వేసవిలో, ఆర్నెల్లు ఉండడానికి మినియాపోలిస్‌లో మా దగ్గరికి వచ్చారు. రోజంతా కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవారు. అడిగితేనే మాట. జూన్ మూడో వారంలో మా తొమ్మిదేళ్ళ వాడినీ ఆయన్నీ తీసుకుని మూడు రాత్రులకి హేవర్డ్ వెళ్ళాను. ఇక్కడి మనవాళ్ళు ఎక్కువగా డులూత్ వెళ్ళి వచ్చేస్తారు, హేవర్డ్ దాకా పోయేవాళ్ళు తక్కువ. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళాలా అనుకునేవాళ్ళ కోసం ఇదంతా కాస్త వివరంగా రాస్తున్నాను.

ముప్ఫై అయిదో నంబరు హైవే మీద పైన్ సిటీ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి డెబ్భయ్యో నంబరు రోడ్డు పట్టుకుంటే సెయింట్ క్రాయ్ నది దాటగానే విస్కాన్సిన్. స్పూనర్ మీదుగా హేవర్డ్‌కి మొత్తం రెండున్నర గంటలు. పెద్దవాళ్ళతో అయితే మూడు వేసుకోండి. దారిలో ఒకచోట ఆగి ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిన్నాం.

హేవర్డ్‌లో అందరూ చూసేది మంచినీటి చేపల వేట మ్యూజియం. ఆవరణలో ఫైబర్‌గ్లాస్‌తో కట్టిన మస్కీ చేప ఉంటుంది. 143 అడుగుల పొడవు, నాలుగున్నర అంతస్తుల ఎత్తు. దాని కడుపులోంచి మెట్లెక్కి నోట్లోకి వెళ్ళి, పళ్ళ మధ్య నిలబడి ఊరిని చూడొచ్చు. మస్కీ ఈ రాష్ట్రపు అధికారిక చేప. మావాడు మూడుసార్లు ఎక్కి దిగాడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఎక్కకపోవడమే మంచిది. నాన్న కింద బెంచీ మీద కూర్చుని చెయ్యి ఊపారు. ఒక్క పూట చాలు అంటారు చాలామంది. నేనయితే పూర్తి రోజు పెట్టుకోమంటాను, ఆ పెద్ద చేప కోసం కాదు, లోపల గదుల్లో అద్దాల వెనక వరసలు వరసలుగా ఉన్న పాత లూర్ల కోసం. వాటిని నాన్న ‘బొమ్మ ఎరలు’ అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది. రంగు పెచ్చులూడిన చెక్క చేపలు, ఇత్తడి చెంచాలు, వాటి మీద ఎప్పటివో పంటి గాట్లు.

చెంచా ఆకారపు లూర్‌కి అమెరికాలో మొదటి పేటెంటు తీసుకున్నది జూలియో బ్యూల్ అనే ఆయన. పడవలో కూర్చుని తింటూ చెంచా నీళ్ళలో జారవిడిస్తే, అది తిరుగుతూ మునుగుతుంటే చేప వచ్చి పట్టుకుందని కథ. పేటెంటు వచ్చింది 1852లో. నేను చదివి చెప్తుంటే నాన్న, “ఆ ఏడే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది” అన్నారు. ఆ వారంలో నేను అడక్కుండా ఆయన అన్న మొదటి మాట అది. ఆనకట్ట కట్టాకే కదా మా ఊరి కాలవకి నీళ్ళొచ్చింది.

ఇంకాస్త ముందుకెళ్తే హెడ్డన్ కంపెనీ చెక్క ఎరలు. మిషిగన్‌లో డొవాజియాక్ అనే ఊళ్ళో జేమ్స్ హెడ్డన్ ఒకరోజు మిత్రుడి కోసం ఎదురుచూస్తూ, ఊరికే ఒక పుల్ల చెక్కి చెరువులోకి విసిరితే బాస్ చేప ఎగిరి దాన్ని పట్టుకుందట. ఆ తర్వాత ఆయన చెక్కతో కప్పని చెక్కాడు. అది విని నాన్న అద్దానికి దగ్గరగా వెళ్ళారు.

“చెక్క కప్పెందుకే అమ్మాయ్? మేం నిజం కప్పనే కట్టేవాళ్ళం. కొరమీనుకి.”

“మేమంటే ఎవరు నాన్నా?”

“నేనూ, మీ పెదనాన్నా.”

పెదనాన్న అంటే మా నడింట్లో గోడ మీద ఫోటో. పందొమ్మిదేళ్ళకే పచ్చకామెర్లతో పోయాడు, అప్పటికి నాన్నకి పధ్నాలుగు. ఆ ఫోటోకి దండ మార్చడం తప్ప ఆయన గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. ఆ అద్దం ముందు నిలబడి నాన్న ఇరవై నిమిషాలు చెప్పారు. వెదురు గెడ ఎలా ఎంచుకోవాలో, జీలుగు బెండు ఎండబెట్టి నరం తాడుకి ఎలా కట్టాలో, కప్పపిల్లని నడుం దగ్గర గుచ్చి తూటికాడల సందున ఎలా తేలెయ్యాలో. వేసవిలో కాలవ కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన మట్టగిడసల్ని చేత్తోనే పట్టేవాళ్ళట. మనవడు గాజు మీద వేలితో కప్ప బొమ్మ గీస్తూ విన్నాడు. నన్నడిగితే ఈ మ్యూజియానికి ఇచ్చిన టికెట్ డబ్బుకి ఇంతకంటే ఏం కావాలి.

బస సంగతి. ఇక్కడి చెరువుల ఒడ్డున క్యాబిన్లు వేసవిలో శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కన ఇస్తారు. మధ్యలో ఖాళీ పడితేనే రెండు మూడు రాత్రులకి దొరుకుతాయి, ఫోన్ చేసి అడగాలి. మాకు రెండు రాత్రులు అలా దొరికాయి. వంటగది బాగుంది, కుక్కర్ నేను తీసుకెళ్ళాను. పరుపులకి ముక్కవాసన. అద్దెలో కలిపి ఇస్తామన్న పడవ మోటారు మొదటి రోజు ఎంత లాగినా అంటుకోలేదు, రెండో రోజు సాయంత్రానికి గానీ ఎవరూ రాలేదు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ లేదు, తొట్టి గట్టు ఎత్తు. నాన్న దిగేటప్పుడల్లా నేను బయట నిలబడ్డాను. మీ పెద్దవాళ్ళ కోసం బుక్ చేసేటప్పుడు ఈ ఒక్కటీ ముందే అడగండి. మూడో రాత్రి ఊళ్ళో మోటెల్‌లో ఉన్నాం. శుభ్రంగా ఉంది, కమ్మీలు ఉన్నాయి, లారీల చప్పుడు తప్ప వంక పెట్టడానికేం లేదు. అయినా మళ్ళీ వెళ్తే క్యాబిన్‌కే వెళ్తాను. మెట్లు దిగితే నీళ్ళ మీదికి చెక్క డాక్, పొద్దున అయిదింటికి లూన్ పక్షి కూత. నాన్న టీ గ్లాసుతో అక్కడ కూర్చుంటే కిటికీ దగ్గర కూర్చున్న మనిషిలా లేరు.

చిప్పెవా ఫ్లోవేజ్ అనే పెద్ద జలాశయం మీద పూట పడవ షికారు తీసుకున్నాం. పెద్దవాళ్ళకి చదునుగా ఉండే పాంటూన్ పడవే అడగండి, కుర్చీలూ నీడా ఉంటాయి. పదిహేను వేల ఎకరాల పైచిలుకు నీళ్ళు. 1923లో ఆనకట్ట కట్టి నింపినప్పుడు ఒజిబ్వే తెగ వాళ్ళ ఊరు, సమాధులు, నీళ్ళలో పండే వాళ్ళ అడవి ధాన్యపు మళ్ళు మునిగిపోయాయి. పడవాయన ఇంజిన్ ఆపి ఆ సంగతి చెప్పాడు. నేను తెలుగులో చెప్తే నాన్న చాలాసేపు నీళ్ళకేసి చూసి “పోలవరం” అన్నారు, అంతే.

ఇక అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఊరి చివర ఒక చిన్న ఎరల దుకాణం. లైసెన్సు కోసం వెళ్ళాం. పదహారేళ్ళ లోపు పిల్లలకి అక్కర్లేదు. మిన్నెసోటా లైసెన్సు ఇక్కడ చెల్లదు. బయటి రాష్ట్రాల వాళ్ళకి ఒకరోజుకి, నాలుగు రోజులకి, పదిహేను రోజులకి విడివిడిగా ఇస్తారు. ఆన్‌లైన్‌లోనూ తీసుకోవచ్చు గానీ, దుకాణంలో తీసుకుంటే ఏ ఒడ్డున ఏం పడుతోందో కూడా చెప్తారు. నాన్నకీ నాకూ నాలుగు రోజులవి తీసుకున్నాం. పాల డబ్బాల పక్కన ఫ్రిజ్‌లో డజను లెక్కన డబ్బాల్లో ఎర్రలు అమ్ముతున్నారు. నాన్న మూత తీసి మట్టి వాసన చూశారు.

గోడకి వేలాడుతున్న లూర్లలోంచి రపాలా అనేదొకటి తీసి ఆయన చేతిలో పెట్టింది దుకాణం ఆవిడ. వెండి పొట్ట, నల్ల వీపు, వేలెడంత. ఫిన్లాండ్‌లో పైయన్నే సరస్సు దగ్గర లౌరి రపాలా 1936లో మొదటిది చేశాడని, చెప్పులు కుట్టే కత్తితో బెండు చెక్కి, మెరుపు కోసం చాక్లెట్ల మీది వెండి కాగితం చుట్టి, అది చెదరకుండా ఫోటో నెగెటివ్‌లు కరిగించి పూత పూశాడని చెప్పింది. దెబ్బ తగిలి కుంటుతూ ఈదే చిన్న చేప వెనకే పెద్దవి వస్తాయని గమనించి, ఆ కుంటునడక వచ్చేలా చెక్కాడట. అమెరికాకి మొదట తెప్పించిన వ్యాపారులు మా మినియాపోలిస్ వాళ్ళేనట. దుకాణం ఆవిడ, తన నాన్న తనకి మొదటిసారి కొనిచ్చిందీ ఇదేనంది, తన పెట్టె తీసి చూపించింది. కొక్కేలు మార్చింది గానీ రంగు వెయ్యలేదు, గాట్లన్నీ అలాగే ఉన్నాయి.

నేను తెలుగులో చెప్తూ ‘వెండి కాగితం’ దగ్గరికి వచ్చేసరికి నాన్న నా చెయ్యి పట్టుకున్నారు.

“మీ పెదనాన్న ఇదే చేసేవాడే. బెండు ముక్క చెక్కి, కరణంగారు పారేసిన సిగరెట్ పెట్టెలో కాగితం చుట్టేవాడు. రెండుసార్లు ముంచితే ఊడిపోయేది. ఏం పుయ్యాలో వాడికి తెలీలేదు. ఫోటో ఫిల్ములు వాడికెక్కడివి?”

తర్వాత “ఫోటోయే ఒక్కటి” అన్నారు.

ఆవిడ ఏమీ అడగలేదు. బిల్లు వేసేటప్పుడు ఎర్రల డబ్బాకి డబ్బు తీసుకోలేదు.

తిండి గురించి రెండు మాటలు. శుక్రవారం రాత్రి ఈ రాష్ట్రమంతటా చేప వేపుడు భోజనం పెడతారు. మాకు వాలై చేప దొరికింది, తాజాగా, పైన కరకరలాడుతూ. ఉప్పూ కారం మనకి చాలవు, మామిడల్లం పచ్చడి సీసా సంచీలో పెట్టుకోండి. శాకాహారులకి బంగాళాదుంపలూ వేయించిన చీజ్ ముక్కలే గతి, వండుకోవడమే మేలు. దోమల మందు తప్పనిసరి.

రెండో రోజు సాయంత్రం డాక్ మీద మావాడు గాలం విసరబోతుంటే నాన్న వాడి మోచెయ్యి పట్టుకుని ఆపారు. ఒడ్డుకి దగ్గర్లో, మోకాలి లోతు నీళ్ళలో, ఇసక మీద పళ్ళేల్లాంటి గుండ్రటి గుంటలు. ఒక్కోదాని మీదా అరచెయ్యంత బ్లూగిల్ చేప చోటు వదలకుండా తిరుగుతోంది. గూళ్ళవి. జూన్‌లో గుడ్లకీ పిల్లలకీ మగ చేప కాపలా కాస్తుంది.

“కొరమీను పిల్లలు ఎర్రగా ముద్దలా తేలతాయిరా. కిందనే తల్లీ తండ్రీ ఉంటాయి. అప్పుడు కప్ప వేస్తే ఆకలి లేకపోయినా కోపంతో కరుస్తాయి, తేలిగ్గా పడతాయి. మా అన్నయ్య వెయ్యనిచ్చేవాడు కాదు. గెడ లాక్కునేవాడు.”

“మరి ఎక్కడ వెయ్యాలి తాతయ్యా?”

అవతలి చివరికి వెళ్ళి లోతులో వేశారు. ఎర్రకి రెండు చిన్న పెర్చ్ చేపలు పడ్డాయి, వదిలేశాం. కొన్న రపాలాకి ఏదీ రాలేదు.

ఆ రాత్రి నేను అన్నం వారుస్తుంటే తాతా మనవళ్ళు బల్ల దగ్గర కూర్చున్నారు. క్యాబిన్ సొరుగులో ఎవరో వదిలేసిన సీసా బెండు దొరికింది. వాడి దగ్గర చాక్లెట్లున్నాయి, వెండి కాగితంలో చుట్టిన చిన్న గోపురాల్లాంటివి. నాన్న కాగితాన్ని గోటితో బల్ల మీద సాపు చేసి, బెండుని కూరగాయల కత్తితో చెక్కి చుట్టారు. పూతకి నా గోళ్ళరంగు అడిగారు, రంగులేనిది. రెండు పూతలు వేసి దీపం దగ్గర ఆరబెట్టారు. పొద్దున్న వేసి చూస్తే పక్కకి ఒరిగి తేలింది, చేపలేవీ దాని జోలికి రాలేదు. కాగితం మాత్రం ఊడలేదు.

సెప్టెంబరులో నాన్న ఊరికి వెళ్ళిపోయారు. అది మావాడి పెట్టెలో మూడో అరలో ఉంది, ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఆదివారం వీడియో కాల్‌లో నాన్న ముందు వాడినే పిలుస్తారు. “కొక్కెం తడి తుడిచి పెట్టావా? తుప్పు పడుతుంది చూసుకో.”