అరవై దాటినవారికి రెసిస్టెన్స్ బ్యాండ్లు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ చాలవు

సాగదీసి కండలకు పని చెప్పే రెసిస్టెన్స్ బ్యాండ్లలో ముఖ్యంగా నాలుగు రకాలు దొరుకుతాయి: ఫిజియోథెరపిస్టులు వాడే పల్చటి పట్టీ, తొడలకు వేసుకునే చిన్న రింగు, పుల్‌అప్‌లకు సాయంగా వాడే పొడవాటి మందపాటి రింగు, రెండు చివర్లా పిడులున్న ట్యూబు. ఇంట్లోనే కండబలం పెంచుకుందామనుకునే పెద్దవాళ్లు ఒక్క రకమే కొనాలనుకుంటే పల్చటి పట్టీ కొనడం మంచిది. కనీసం ఒకటిన్నర మీటరు పొడవుండాలి, ఒకదాని కంటే ఒకటి కాస్త మందంగా ఉండేవి రెండు తీసుకోవాలి. ట్యూబుతో పాటు పెట్టెనిండా సరంజామా వస్తుంది గానీ దాన్ని మధ్యలో పట్టుకోలేం, పిడి ఎక్కడుంటే అక్కడే పట్టుకోవాలి. పట్టీని మనకు కావలసిన చోట పట్టుకోవచ్చు. బ్యాండు వాడకంలో కిటుకంతా ఈ పొడవులోనే ఉంది, పెట్టె మీద మాత్రం దీని గురించి ఒక్క ముక్క రాయరు.

పట్టీ ఎంత బలంగా వెనక్కి లాగుతుందన్నది దాని మందాన్ని బట్టీ, అసలు పొడవుకు ఎన్ని రెట్లు సాగిందన్నదాన్ని బట్టీ ఉంటుంది. థెరాబ్యాండ్ కంపెనీ లెక్కల ప్రకారం పట్టీ రెట్టింపు పొడవుకు సాగినప్పుడు పసుపుది సుమారు 1.3 కిలోలు, ఎరుపుది 1.7, ఆకుపచ్చది 2.1, నీలం 2.6, నలుపు 3.3, వెండి రంగుది 4.6 కిలోల బలంతో లాగుతుంది. పసుపు నుంచి నలుపు దాకా ఒక్కో మెట్టుకు దాదాపు పాతిక శాతం పెరుగుతుంటే, నలుపు నుంచి వెండికి ఒక్కసారే నలభై శాతం పెరుగుతుంది. అక్కడ తొందరపడకూడదు. ఇంకో సంగతి, ఈ రంగులు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. ఒకరి ఎరుపు ఇంకొకరి నీలమంత గట్టిగా ఉండొచ్చు. అందుకే కంపెనీ మారినప్పుడల్లా తక్కువ మందంతో మళ్లీ మొదలుపెట్టాలి.

ఇప్పుడు పొడవు సంగతి. తలుపుకు బిగించిన చోటు నుంచి చేతి దాకా పట్టీ 60 సెంటీమీటర్లు ఉండి, దాన్ని ఇంకో 60 లాగారనుకోండి, రెట్టింపయింది. అదే పట్టీని 40 దగ్గర పట్టుకుని అంతే దూరం, అంటే 60 లాగితే అది రెండున్నర రెట్లు సాగుతుంది. చెయ్యి కదిలిన దూరం మారలేదు, పట్టీ మారలేదు, బరువు మాత్రం పెరిగింది. రోజుకో చోట పట్టుకుని, కుర్చీ రోజుకో చోట వేసుకుంటే నిన్నటి కంటే బలం పెరిగిందో లేదో ఎప్పటికీ తెలియదు. నెలల తరబడి బ్యాండుతో చేస్తున్నా ఏమీ తేడా లేదనేవాళ్లలో చాలామందికి అసలు లోటు ఇదే. పట్టుకునే చోట బాల్‌పెన్నుతో సన్నగీత గీయండి. కుర్చీ కాళ్లుండే చోట నేల మీద టేపు అంటించండి. పదిహేను సార్లు తేలిగ్గా వస్తున్నప్పుడు గీతను 5 సెంటీమీటర్లు లోపలికి జరపండి. అలా జరుపుతూ పోయాక పట్టీ రెండున్నర రెట్లు సాగుతుంటే, తర్వాతి మందంది తీసుకుని మళ్లీ ఎక్కువ పొడవుతో మొదలుపెట్టాలి. అసలు పొడవుకు మూడు రెట్లు దాటేంతగా ఏ పట్టీనీ లాగకూడదు.

ఈ పట్టీలు నిజంగా పేరు నిలబెట్టుకునేది లాగే వ్యాయామాల్లో. డంబెల్‌తో వీపు కండలకు పని చెప్పాలంటే నడుం వంచి నిలబడాలి, నడుంనొప్పి ఉన్నవాళ్లకు అది కష్టం. పట్టీ అయితే కుర్చీలో నిటారుగా కూర్చునే పని జరిగిపోతుంది. పట్టీని తలుపు సందులో బిగించే యాంకర్‌ను రొమ్ము ఎత్తులో, బందులున్న వైపు పెట్టాలి. మనం లాగుతున్నప్పుడు తలుపు మూసుకునే దిశలోనే లాగబడాలి, అంటే అది అవతలి వైపుకు తెరుచుకునే తలుపు అయి ఉండాలి. గడియ కూడా వేయాలి. కుర్చీ ముందు సగంలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, చేతులు చాచినప్పుడే పట్టీ కాస్త బిగువుగా ఉండేలా చూసుకోవాలి. రెండు సెకన్లలో లాగి, ఒక సెకను ఆపి, మూడు సెకన్లలో వదలాలి. లాగేటప్పుడు ఊపిరి వదలాలి. ఊపిరి బిగబడితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

జనం తప్పు చేసేది లాగుడు చివర్లో. పట్టీ బరువు సాగేకొద్దీ పెరుగుతుంది. మోచేయి వెనక్కి వచ్చేసరికి పట్టీ అత్యంత గట్టిగా ఉంటుంది, వీపు కండలేమో పూర్తిగా ముడుచుకుని బలహీనంగా ఉంటాయి. ఆ లోటు పూడ్చుకోవడానికి భుజం చెవి వైపు లేస్తుంది, మోచేయి ఒంటిని దాటి వెనక్కి పోతుంది, భుజం ముందువైపు కీలు మీద ఒత్తిడి పడుతుంది. కొన్ని వారాల్లో అక్కడ సన్నగా నొప్పి మొదలవుతుంది. మోచేయి ఒంటికి సమానంగా రాగానే ఆపేయాలి. అంతవరకు భుజం లేపకుండా రాలేకపోతే కుర్చీ ఒక జానెడు ముందుకు జరపాలి. ఎనిమిది నుంచి పదిహేను సార్లు, రెండు మూడు సెట్లు, వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. ఇంకో రెండుసార్లు చేయగలం అనిపించినప్పుడే సెట్టు ఆపడం మేలు. కండ కంటే, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి కండకు ఓపిక ఉన్నంత మాత్రాన బరువు పెంచేయకూడదు.

నేల మీద కాళ్లు చాపి, పట్టీని అరికాళ్లకు తగిలించి లాగే పద్ధతి చాలా వీడియోల్లో కనిపిస్తుంది. పట్టీ వేళ్ల మీదుగా జారితే నేరుగా ముఖానికి, కళ్లకు తగులుతుంది. అలా చేయక తప్పకపోతే ఒక్కో పాదానికి ఒక చుట్టు చుట్టాలి. తలుపు ఉండగా ఈ అవస్థ ఎందుకు?

భుజం బయటికి తిప్పే వ్యాయామానికి పట్టీ కంటే మంచి సాధనం లేదు. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడతపెట్టిన తువ్వాలు ఉంచుకుని, మోచేయి తొంభై డిగ్రీలు వంచి, అన్నిటికంటే పల్చటి పట్టీతో పదిహేను ఇరవై సార్లు చేస్తే చాలు. తువ్వాలు జారిపోతే మోచేయి ఒంటి నుంచి దూరమైందని అర్థం. ఇక్కడ మందం పెంచాలన్న ఆశ అస్సలు వద్దు.

తుంటి పక్క కండలకు చిన్న రింగు బాగుంటుంది. అయితే రబ్బరుది కాకుండా లోపల జారకుండా పట్టి ఉంచే గుడ్డది కొనాలి, రబ్బరు రింగు తొడ మీద చుట్టుకుపోయి ఒరుసుకుంటుంది. మోకాళ్లకు కాస్త పైన వేసుకుని, గోడ పక్కన నిలబడి, అటు పది ఇటు పది చిన్న అడుగులు వేయాలి. వేళ్లు ముందుకే చూడాలి, మోకాళ్లు లోపలికి పడకూడదు. రింగును చీలమండలకు దించితే బరువు పెరుగుతుంది, నిజమే. కానీ పాదం సరిగా లేవకపోతే అదే కాళ్లకు అడ్డం పడుతుంది. నడకలో తూలేవాళ్లు, ఒకసారైనా పడ్డవాళ్లు రింగును మోకాళ్ల నుంచి కిందికి దించనేకూడదు.

పిక్కల విషయంలో పట్టీ దండగ. కాలు చాపి, పట్టీని పాదానికి తగిలించి కిందికి నొక్కే వ్యాయామాన్ని చాలా బ్యాండ్ల పెట్టెల్లో వచ్చే చార్టులో వేస్తారు. నడిచేటప్పుడు పిక్క ప్రతి అడుగులోనూ ఒంటి బరువంతా మోస్తుంది, దానికి రెండు మూడు కిలోలు ఏ మూలకు? గోడ పట్టుకుని మడమలు లేపడం, అలవాటయ్యాక ఒంటికాలి మీద లేపడం దానికి అసలైన పని. పాదం ముందుభాగాన్ని పైకి లేపే కండకు మాత్రం పట్టీ బాగా పనికొస్తుంది. నడుస్తూ వేళ్లు నేలకు తగిలి తట్టుకునేవాళ్లు దాన్ని మానకూడదు.

తొడలకూ పట్టీ చాలదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వాడే పరీక్ష ఒకటుంది: చేతులు రొమ్ము మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేచి నిలబడగలరో లెక్కపెట్టడం. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 కంటే తక్కువ, ఆడవాళ్లు 11 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉందని గుర్తుగా తీసుకుంటారు. ఈ అంకె పెరగాలంటే కుర్చీలోంచి లేవడమే సాధన చేయాలి, ఆపైన చేతిలో బరువు పట్టుకుని లేవాలి.

ఎముకల కోసమని బ్యాండ్లు కొనేవాళ్లు ఇంకొంచెం ఆలోచించాలి. ఎముక సాంద్రత తగ్గిన, నెలసరి ఆగిన ఆడవాళ్ల మీద ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలల పాటు శిక్షకుల కళ్లముందు పెద్ద బరువులు ఎత్తినవారిలో నడుం దగ్గరి వెన్నెముక సాంద్రత పెరిగింది. పల్చటి పట్టీతో ఆ స్థాయి భారం రాదు. తూలకుండా నిలబడే నిలకడ సంగతీ అంతే. 65 దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా నిలకడనూ బలాన్నీ కలిపి సాధన చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కుర్చీలో కూర్చుని పట్టీ లాగితే నిలకడ రాదు, దానికి నిలబడి చేసేవి వేరే ఉండాలి.

వేళ్ల కీళ్లనొప్పులున్నవాళ్లకు పట్టీని అరచేతికి చుట్టుకోవడం బాధ, గట్టిగా నొక్కుతుంది. విడిగా దొరికే మెత్తటి పిడులు పట్టీకి తగిలించుకుంటే సరిపోతుంది. ట్యూబే కావాలనుకుంటే లోపల భద్రతా తాడున్నది వెతకండి. తెగినా ముఖం మీదికి ఎగరదు. ట్యూబు తెగేది ఎక్కువగా పిడిలోకి దూరే చోట, కాబట్టి ప్రతిసారీ అక్కడ వేలితో తడిమి చూడాలి. పట్టీనైతే కొద్దిగా సాగదీసి వెలుతురుకు పట్టి అంచులు చూడాలి. గోరంత చీలిక కనబడినా పారేయాలి, ముడివేసి వాడుకోవడం ప్రమాదం. ఉంగరాలు తీసేయండి. ఒంటికి నూనె, క్రీము రాసుకున్న చేతులతో ముట్టుకోవద్దు, పట్టీలోని రబ్బరు, అంటే లేటెక్స్, వాటితో తొందరగా పాడవుతుంది. ఎండ తగిలే కిటికీ దగ్గరా పెట్టొద్దు. జిగురుగా అనిపిస్తే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కాస్త పౌడరు చల్లాలి. లేటెక్స్ పడక దద్దుర్లు వచ్చేవాళ్లకు లేటెక్స్ లేని పట్టీలు దొరుకుతాయి, పెట్టె మీద ఆ మాట చూసి తీసుకోవాలి.

భుజం ఆపరేషన్ ఈమధ్యే అయినవాళ్లు, రక్తపోటు అదుపులో లేనివాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. మిగతావాళ్లు కండ లాగినట్టుంటే కంగారుపడక్కర్లేదు. కీలులో నొప్పి మర్నాడు పొద్దుటికీ తగ్గకపోతే, గీతను 10 సెంటీమీటర్లు బయటికి జరిపి ఒక వారం ఆ పొడవుతోనే చేయండి. అప్పటికీ తగ్గకపోతే ఆ వ్యాయామం ఆపేసి ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి.