పాపా జో సమాధి నుంచి విలేజ్ వాన్‌గార్డ్ దాకా: న్యూయార్క్‌లో ఆరు రోజులు

న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో కొరోనా అనే పేట ఉంది. ఏడో నంబరు రైలు అక్కడ వీధికి ఎత్తుగా, ఇనుప స్తంభాల మీద పోతుంది. 103వ వీధి స్టేషన్‌లో దిగి, పండ్ల బండ్లు దాటుకుంటూ పది నిమిషాలు నడిస్తే 107వ వీధిలో ఒక ఎర్ర ఇటుకల ఇల్లు వస్తుంది. జాజ్ సంగీతంలో పేరుమోసిన ట్రంపెట్ విద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1943 నుంచి 1971 జులై 6న కన్నుమూసే దాకా ఉన్న ఇల్లు అదే.

నేను 2024 అక్టోబరులో ఆరు రోజుల కోసం ఆ నగరానికి వెళ్లాను. జాజ్ వినడానికి మాత్రమే వెళ్లాను. స్వేచ్ఛా ప్రతిమ దగ్గరికి పోలేదు, ఆకాశహర్మ్యాలు ఎక్కలేదు. మా నాన్న బాపట్ల వైపు పెళ్లిళ్ల బ్యాండు మేళంలో ముప్పై ఏళ్లు క్లారినెట్ వాయించాడు. పెట్టె తెరిచిన ప్రతిసారీ, రీడు (ఊదే చోట బిగించే పలచటి రెల్లు పలక) నోట్లో పెట్టుకుని తడిపేలోగా, తన గురువుగారి పేరు, ఆయన గురువుగారి పేరు తలుచుకునేవాడు. నాకూ ఆ క్లారినెట్టే అబ్బింది. జాజ్ వాద్యకారులు తమకు దారి చూపినవాళ్లను ఎలా తలుచుకుంటారో వాళ్ల ఊళ్లోనే చూడాలని చాలా ఏళ్లుగా కోరిక.

ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు 2003 నుంచి మ్యూజియంగా నడుస్తోంది. లోపలికి మనంతట మనం పోలేం. చిన్న చిన్న బృందాలుగా తీసుకువెళ్లి చూపిస్తారు. వారంలో కొన్ని రోజులే తెరుస్తారు కాబట్టి టికెట్టు ముందే ఇంటర్నెట్‌లో కొనుక్కోవడం తప్పనిసరి. ఈ ఇంటిని ఆయన కచేరీల మీద ఊళ్లు తిరుగుతున్నప్పుడు భార్య లూసిల్ కొన్నది. మొదటిసారి టాక్సీలో వచ్చి దిగినప్పుడు, ఇంత మంచి ఇల్లు తనదేనా అని నమ్మకం కుదరక, టాక్సీ అతన్ని కాసేపు ఉండమన్నాడట. ఈ ముచ్చట చెప్పేటప్పుడు మా మార్గదర్శకురాలి ముఖం వెలిగిపోయింది. రోజుకు ఎన్నిసార్లు చెబుతుందో గాని, చదివి అప్పగించినట్టు మాత్రం లేదు.

నీలిరంగు మెరుపుతో వంటగది, గోడలన్నీ అద్దాలతో, బంగారు పూత కుళాయిలతో స్నానాల గది. అవి చూడముచ్చటగానే ఉన్నాయి గాని, నా కాళ్లు కదలనిది పై అంతస్తులోని ఆయన సొంత గదిలో. గోడలో అమర్చిన టేపు రికార్డర్లు, పక్కన బల్ల. ఇంట్లో మాటలూ, స్నేహితుల నవ్వులూ, తాను వాయిస్తూ సాధన చేసుకున్నవీ ఆయన వందల టేపుల మీద పట్టి ఉంచుకున్నాడు. టేపు పెట్టెల మీద పత్రికల్లోని బొమ్మలు కత్తిరించి, తన చేత్తోనే అతికించేవాడు. మార్గదర్శకురాలు ఒక మీట నొక్కగానే ఆ గరుకు గొంతు గదంతా నిండింది. యజమాని పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టే ఉంది.

మా బృందంలో ఎనిమిది మందిమి. అందులో ఒక పెద్దాయన ట్రంపెట్ వాయిస్తాడని ఆయన పై పెదవి మీది గుండ్రటి అచ్చే చెప్పింది. బయటికి వచ్చాక మెట్ల దగ్గర పలకరించి, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను. వేళ్లు మడుస్తూ చెప్పాడు: "నేను క్లిఫర్డ్ బ్రౌన్‌ను విని నేర్చుకున్నాను. ఆయన ఫాట్స్ నవారోను విన్నాడు. ఫాట్స్ డిజ్జీ గిలెస్పీని, డిజ్జీ రాయ్ ఎల్‌డ్రిడ్జ్‌ను, ఎల్‌డ్రిడ్జ్ ఈ ఇంటాయన్ను. అమ్మా, నేను మా ముత్తాతల ఇంటికి వచ్చాను." అయిదు వేళ్లూ మడిచిన ఆ పిడికిలి ఇంకా నా కళ్ల ముందే ఉంది. ఆర్మ్‌స్ట్రాంగ్ లేకపోతే తాను లేనని డిజ్జీ బతికున్నంత కాలం చెప్పుకున్నాడు. ఆయన ఇల్లు కూడా ఈ పేటలోనే, నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది.

వీధికి అవతల 2023లో కొత్త కేంద్రం కట్టారు. ట్రంపెట్లూ, ఉత్తరాలూ, బొమ్మలు అతికించిన ఆ టేపు పెట్టెలూ అక్కడ అద్దాల వెనుక ఉన్నాయి. ప్రదర్శనను తీర్చిదిద్దింది జేసన్ మోరాన్ అనే పియానో విద్వాంసుడు. ఏ వస్తువును ఎక్కడ పెడితే దాని వెనుక పాట గుర్తొస్తుందో వాద్యకారుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అర రోజు కేటాయించండి, తక్కువైతే తొందరపడాల్సి వస్తుంది.

ఇక బస సంగతి. మొదటి రెండు రాత్రులు మన్‌హాటన్ నడిబొడ్డున ఒక హోటల్లో ఉన్నాను. పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. కిటికీకి ఎదురుగా గోడ. ఇంటర్నెట్‌లో చూపిన అద్దెకు రోజువారీ సౌకర్యాల రుసుమూ, పన్నులూ చేరి బిల్లు దాదాపు మూడో వంతు పెరిగింది. ఆ సౌకర్యాలేమిటని అడిగితే రెండు సీసాల నీళ్లూ, నేను వాడని వ్యాయామశాలా చూపించారు. గది తీసుకునే ముందే మొత్తం ఎంతవుతుందో రాతపూర్వకంగా అడిగి ఉండాల్సింది. మూడో రోజు జాక్సన్ హైట్స్‌కు మారాను. అక్కడ ఒక ఇంటి పై అంతస్తులో గది దొరికింది. అద్దె సగం, కిటికీ నిండా చెట్టు. 74వ వీధిలో ఇడ్లీ దొరుకుతుంది, కూరగాయల దుకాణంలో గోంగూర కూడా కనిపించింది. అక్కడి నుంచి ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటికి ఏడో నంబరు రైల్లో నాలుగు స్టేషన్లు. రాత్రి కచేరీ అయ్యాక మన్‌హాటన్‌లో జాజ్ క్లబ్బులుండే గ్రీనిచ్ విలేజ్ నుంచి ఇ (E) అనే రైలు ఎక్కితే, మారే పని లేకుండా నేరుగా ఇంటి దగ్గరే దిగవచ్చు. అర్ధరాత్రి దాటాక నాలుగుసార్లు ఒంటరిగా ప్రయాణించాను. రైల్లో మనుషులున్నారు, నాకు భయం వేయలేదు. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, అప్పుడు చార్జీ 2 డాలర్ల 90 సెంట్లు. జాజ్ కోసం వెళ్లే వాళ్లకు బస అక్కడే మేలని నా గట్టి అభిప్రాయం.

హార్లెమ్‌లో 129వ వీధిలోని జాజ్ మ్యూజియం చిన్నది. జాజ్ బ్యాండు నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ తెల్ల పియానో కోసం వెళ్లాలి, ఒక గంట చాలు.

విలేజ్ వాన్‌గార్డ్ గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. గ్రీనిచ్ విలేజ్‌లో మాక్స్ గోర్డన్ 1935లో మొదలుపెట్టిన నేలమాళిగ జాజ్ క్లబ్బు అది. పదిహేను మెట్లు దిగాలి. గది మూడు కోణాల ఆకారంలో ఉంటుంది, సన్నగా ఉన్న కొసలో వేదిక, వెనుక ఎర్ర తెర. సుమారు 120 మందికి చోటు. గోడల నిండా ఇక్కడ వాయించినవాళ్ల ఛాయాచిత్రాలు. శాక్సోఫోన్ విద్వాంసులు సన్నీ రోలిన్స్ 1957లో, జాన్ కోల్ట్రేన్ 1961 నవంబరులో ఇక్కడే రికార్డు చేశారు. 1961 జూన్ 25, ఆదివారం, పియానో విద్వాంసుడు బిల్ ఎవన్స్ తన ముగ్గురి బృందంతో వాయించిందీ ఇక్కడే. ఆ బృందంలో బాస్ (మంద్ర స్వరాల పెద్ద తీగవాద్యం) వాయించిన స్కాట్ లఫారో పదకొండు రోజులకే, జులై 6న, కారు ప్రమాదంలో పోయాడు. పాతికేళ్లవాడు. పదేళ్ల తరువాత ఆర్మ్‌స్ట్రాంగ్ వెళ్లిపోయిందీ అదే తేదీన.

నేను సోమవారం వెళ్లాను. 1966 ఫిబ్రవరిలో ట్రంపెట్ విద్వాంసుడు థాడ్ జోన్స్, డ్రమ్స్ వాయించే మెల్ లూయిస్ కలిసి సోమవారాల కోసం పెద్ద బ్యాండు ఒకటి కట్టారు. జోన్స్ 1986లో, లూయిస్ 1990లో పోయారు. బ్యాండు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ ప్రతి సోమవారం జోన్స్ రాసిన వరుసలు వాయిస్తారు. ఏటా పుష్య బహుళ పంచమి నాడు తిరువయ్యారులో విద్వాంసులంతా వరుసగా కూర్చుని త్యాగయ్యగారి పంచరత్నాలు పాడతారు కదా, ఇక్కడ అది వారం వారం జరుగుతోంది. పదహారు మంది ఒక్కసారి ఊపిరి తీసుకోవడం నా బల్ల దాకా వినిపించింది. ట్రోంబోన్ అతను ముందుకు చాచిన గొట్టం నా గ్లాసుకు జానెడు దూరంలో ఆగింది.

టికెట్టు అప్పుడు సుమారు 40 డాలర్లు, దాని మీద ఒక పానీయమైనా కొనాలి. అల్లం సోడా ఇమ్మంటే ఎవరూ వింతగా చూడలేదు. సీట్లకు నంబర్లు లేవు, ముందొచ్చిన వాళ్లకు ముందు చోటు. అందుకని తలుపు తీయడానికి అరగంట ముందే వరుసలో నిలబడండి. వాయిస్తుండగా మాటలూ, ఫొటోలూ ఒప్పుకోరు. ఈ నియమాన్ని మన సభల్లోనూ ఇంత గట్టిగా పాటిస్తే ఎంత బాగుండునో! భోజనం దొరకదు, తిని వెళ్లాలి.

బుధవారం బ్రాంక్స్‌లోని వుడ్‌లాన్ శ్మశానవాటికకు వెళ్లాను. నాలుగో నంబరు రైలు చివరి స్టేషన్. నాలుగు వందల ఎకరాలు. ప్రవేశానికి రుసుము లేదు. కార్యాలయంలో పటం అడిగితే ఆ ఉద్యోగిని పెన్సిలుతో దారి గీసి, ఎక్కడ మలుపు తప్పుతారో అక్కడ గుండ్రం చుట్టి మరీ ఇచ్చింది. జాజ్ విద్వాంసులు ఎల్లింగ్టన్, మైల్స్ డేవిస్, లయొనెల్ హాంప్టన్, మాక్స్ రోచ్ దగ్గరదగ్గరగానే ఉన్నారు. మైల్స్ సమాధి నల్లరాయి అద్దంలా నున్నగా ఉంది. దాని మీద ట్రంపెట్టూ, ఒక పాట స్వరాలూ చెక్కారు. రాతి అంచున ఎవరో ట్రంపెట్ వాల్వులకు వేసే నూనె సీసా పెట్టి వెళ్లారు. అది చేసే మేలు వాయించే వాళ్లకే తెలుసు. 1969లో ఈ మైల్స్ రికార్డుల్లో గిటారు వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్, తరువాతి కాలంలో మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్‌ను తన బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ రాయి ముందు నిలబడి పాలకొల్లును తలుచుకుంటే ఒళ్లు పులకరించింది.

నేను అసలు వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం జో ఆలివర్‌ను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆయన్ను పాపా జో అని పిలిచేవాడు. న్యూ ఆర్లియన్స్‌లో పిల్లవాడిగా ఉన్నప్పుడు ట్రంపెట్ లాంటి కార్నెట్ చేతికిచ్చి, మెలకువలు చెప్పిందీ, 1922లో కబురు పెట్టి షికాగోకు పిలిపించిందీ ఈయనే. తరువాత చిగుళ్లు పాడై, పళ్లు ఊడి, ఆలివర్ వాయించలేకపోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక పర్యటనలో సవానా వెళ్లినప్పుడు, తన గురువు కూరగాయలు అమ్ముకుంటూ కనిపించాడు. జేబులో ఉన్న డబ్బంతా తీసి ఇచ్చాడు. 1938లో ఆలివర్ అక్కడే పోతే, అక్క ఇంటి అద్దెకు దాచుకున్న డబ్బుతో శవాన్ని న్యూయార్క్ తెప్పించిందట. అంత్యక్రియలకు ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. కొరోనాలో పెద్దాయన మడిచిన అయిదు వేళ్ల తరువాత ఇంకో వేలు మడవాలంటే ఈయనదే. ఎల్లింగ్టన్ దగ్గర పూలున్నాయి, ఇక్కడ లేవు. మళ్లీ గేటు దాకా నడిచి, బయట దుకాణంలో చామంతులు కొనుక్కుని వచ్చి పెట్టాను. వాటిక సాయంత్రం పెందలాడే మూసేస్తారు, ఉదయమే బయలుదేరాలి.

మన్‌హాటన్‌ను బ్రూక్లిన్‌తో కలిపే విలియమ్స్‌బర్గ్ వంతెనకు ఖర్చు లేదు, టికెట్టు లేదు. సన్నీ రోలిన్స్ 1959లో, పేరు మారుమోగుతున్న రోజుల్లో, తన వాద్యం తనకే చాలలేదనిపించి కచేరీలు మానేశాడు. గదిలో వాయిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బందని ఈ వంతెన మీద నడక దారిలో రెండేళ్లు సాధన చేశాడు. ఎండా మంచూ లెక్కచేయలేదు. పక్కనుంచి రైలు పోయినప్పుడు నా గొంతు నాకే వినిపించలేదు. ఆ చప్పుడులో శ్రుతి నిలబెట్టుకున్న మనిషి ఎంతటి ఊపిరి కూడబెట్టుకుని ఉంటాడో! ఇంత సాధించినవాడు 1962లో, తన చిన్నప్పటి ఆరాధ్యుడు, శాక్సోఫోన్ విద్వాంసుడు కోల్మన్ హాకిన్స్‌కు శిష్యుడిలా ఉత్తరం రాశాడు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసి ఒక రికార్డు చేశారు. సైకిళ్ల వాళ్లు వేగంగా వస్తారు, వంతెన మీద పక్కకే నడవండి.

చివరి రాత్రి గ్రీనిచ్ విలేజ్‌లోనే ఒక చిన్న క్లబ్బుకు వెళ్లాను. ముప్పై కుర్చీలుంటాయేమో, నాకు మూల కుర్చీ దొరికింది. టెనర్ శాక్సోఫోన్ అమ్మాయికి పాతికేళ్లు దాటి ఉండవు. రెండో పాటకు ముందు రీడు తీసి, మళ్లీ బిగించి, మైకు దగ్గరికి వచ్చింది. శాక్సోఫోన్ విద్వాంసుడు బెన్నీ గోల్సన్ కిందటి నెలలో, 95వ ఏట పోయారని చెప్పింది. 1956 జూన్‌లో ఆయన డిజ్జీ బ్యాండుతో హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో ఉండగా, క్లిఫర్డ్ బ్రౌన్ కారు ప్రమాదంలో పోయాడన్న వార్త వేదిక వెనుకకు వచ్చింది. బ్రౌన్‌కు పాతికేళ్లే. ఆ దుఃఖంలోంచి గోల్సన్ తన స్నేహితుడి కోసం ఒక పాట కట్టాడు. "ఆయన క్లిఫర్డ్‌ను తలుచుకున్నారు, మేం ఇద్దరినీ తలుచుకుంటాం" అని ఆ అమ్మాయి కళ్లు మూసుకుంది. ఆలాపనలా మెల్లగా మొదలైన పాట. గదిలో ఐసు ముక్క కదిలిన చప్పుడు కూడా లేదు.

గదికి చేరేసరికి రాత్రి పన్నెండున్నర. బాపట్లలో ఉదయం పది. నాన్నకు ఫోను చేసి అంతా చెప్పాను.

"పేర్లు చెప్పే మొదలుపెట్టిందా తల్లీ?" అన్నాడు.

"ఇద్దరి పేర్లూ చెప్పింది నాన్నా."

"అయితే ఆ పాట వినిపించు."

ల్యాప్‌టాప్‌లో పాట పెట్టి ఫోను దగ్గరగా పట్టుకున్నాను. మొదటి చరణం అయ్యేసరికి అవతల పెట్టె గొళ్లెం తీసిన చప్పుడు వినిపించింది. కాసేపు నిశ్శబ్దం, రీడు తడుపుతున్నాడు. ఆపై క్లారినెట్ ఒక్కొక్క స్వరం పట్టుకుంటూ పాట వెంట వచ్చింది. రెండో మలుపు దగ్గర తడబడి ఆగింది.

"అక్కడ నాకు అందలేదు," అన్నాడు నాన్న. "మళ్లీ మొదటి నుంచి పెట్టు."