పాత సినిమాల డిస్కు మీద ‘హెచ్‌డీ’ అని ఉంటే, డబ్బిచ్చే ముందు ఆడించి చూడండి

పాత తెలుగు సినిమాలు కొని దాచుకునే వారందరికీ ఈ హెచ్చరిక. అమ్మ పుట్టినరోజుకని గత వారం కోఠిలోని ఒక దుకాణంలో నాలుగు నలుపు తెలుపు చిత్రాల ‘హెచ్‌డీ బ్లూ-రే’ (డీవీడీకన్నా స్పష్టమైన బొమ్మ ఇచ్చే డిస్కు) పెట్టె 2,400 రూపాయలకు కొన్నాను. నిలువునా మోసపోయాను.

ముందుగా మాయాబజార్ పెట్టాం. కొలువు సన్నివేశాల్లో కిరీటాల కొనలు తెర పై అంచున తెగిపోయాయి. తరువాత వెన్నెల్లో పడవ పాట వచ్చింది. 1957లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ సృష్టించిన ఆ వెన్నెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ డిస్కులో నీటి మీద తళుకంతా చెరిగిపోయి, సున్నం వేసిన గోడలా మిగిలింది. అమ్మ కాసేపు చూసి, “సావిత్రి ముఖమేమిటే, మైనం పూసినట్టుంది?” అంది. ఆ తరువాత ఇక చూడలేదు, లేచి వెళ్లిపోయింది.

అనుమానం వచ్చి డిస్కును మా పాత డీవీడీ ప్లేయర్లో పెట్టాను. హాయిగా ఆడింది. నిజమైన బ్లూ-రేను డీవీడీ ప్లేయర్ చదవలేదు. అంటే మామూలు డీవీడీకే కొత్త అట్ట తొడిగి అమ్మారన్నమాట.

పాత సినిమాకు హెచ్‌డీ దండగ అని ఈ మాటతో అనుకోకండి. డీవీడీ బొమ్మలో ఉండేవి 720 × 576 చుక్కలు. పూర్తి హెచ్‌డీలో 1920 × 1080, అంటే ఐదు రెట్లు. 35 ఎంఎం నెగెటివ్ (సినిమా తీసిన అసలు ఫిల్ము) బాగుంటే ఆ ఐదు రెట్లకూ సరిపడా వివరం అందులో ఉంటుంది; చీర అంచు నేత కూడా కనిపిస్తుంది. అయితే ఆ వివరాన్ని ఫిల్మునుంచే కొత్తగా స్కాన్ చేసి తీయాలి. డీవీడీని సాగదీస్తే రాదు. పైగా శుభ్రం చేస్తున్నామంటూ ఫిల్ములోని సన్నని రేణువులను తుడిచేస్తే, వాటితోపాటు చర్మం మీది గీతలు, కంటి మెరుపు కూడా పోతాయి. అమ్మ చూసిన మైనం అదే.

ఇంకొక గుర్తు చెబుతాను. 1974లో అల్లూరి సీతారామరాజు వచ్చేదాకా తెలుగులో సినిమాస్కోప్, అంటే బాగా వెడల్పైన బొమ్మ, లేదు. అంతకుముందటి చిత్రాలు దాదాపు అన్నీ చదరానికి దగ్గరగా ఉంటాయి, కాబట్టి టీవీలో రెండు పక్కలా నల్లని పట్టీలు కనబడాలి. బొమ్మ తెరంతా నిండిందంటే, పైనా కిందా కలిపి పావు వంతు కోసేసి ఉంటారు, లేదా అడ్డంగా సాగదీసి ఉంటారు. ఆ నల్ల పట్టీలు ఉంటేనే కొనండి.

తిరిగి ఇవ్వడానికి వెళితే “సీలు తీశారు కదా మేడమ్” అన్నారు. చీటీ మీద ‘డిస్కులు 4’ అని తప్ప మరేమీ లేదు. మీరు మాత్రం సినిమా పేరు, ‘బ్లూ-రే’ అన్న మాట బిల్లులో రాయించుకోండి. లేకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసినా చూపడానికి మీ చేతిలో ఆధారం ఉండదు.