రెండడుగుల టైలు మీద బీ-బాట్

ఎల్‌కేజీ నుంచి ఒకటో తరగతి దాకా పిల్లలకు తెర లేకుండా కోడింగ్ నేర్పే బొమ్మల్లో పాతకాపు బీ-బాట్. బ్రిటన్‌కు చెందిన టీటీఎస్ తయారుచేస్తుంది. పసుపు, నలుపు చారల తేనెటీగ, అరచేతిలో నిండుగా కూర్చుంటుంది. వీపు మీద నాలుగు బాణాలు, మధ్యలో పచ్చటి ‘గో’, పక్కన ఆగడానికి పాజ్, చెరిపేయడానికి ఇంటూ గుర్తు. మొత్తం ఏడు బటన్లు. ఆన్ చేసే స్విచ్చి, శబ్దం ఆపే స్విచ్చి పొట్ట కింద ఉంటాయి. దీనికి యాప్ అక్కర్లేదు, వైఫై అక్కర్లేదు, ఫోనూ అక్కర్లేదు. నాలుగేళ్ళ పిల్లల విషయంలో ఇంతకంటే పెద్ద సుగుణం లేదు.

బటన్లు వరసగా నొక్కి, చివర ‘గో’ నొక్కితే బొమ్మ కదులుతుంది. ముందుకు బాణం ఒక నొక్కుకు 15 సెంటీమీటర్లు నడుస్తుంది. కుడి, ఎడమ బాణాలు నొక్కితే ఉన్నచోటే 90 డిగ్రీలు తిరుగుతుంది. పాత మోడళ్ళు 40 ఆదేశాలు గుర్తుపెట్టుకునేవి, కొత్తవి 200 దాకా పెట్టుకుంటాయి. ఈ వయసు పిల్లలకు పన్నెండు దాటిన ప్రోగ్రామ్ అవసరమే రాదు కాబట్టి పాతది చవగ్గా దొరికితే నిరభ్యంతరంగా తీసుకోవచ్చు. కొత్తదాని అసలు లాభం వేరే ఉంది. అందులో బటన్లకు మన గొంతు రికార్డు చేసుకోవచ్చు. ‘ముందుకు’, ‘కుడికి తిరుగు’ అని తెలుగులో పలికిస్తే, ఇంకా చదవడం రాని పిల్లలు కూడా తాము నొక్కింది ఏమిటో చెవితో సరిచూసుకుంటారు.

కంపెనీ అమ్మే గళ్ళ మ్యాట్ కొనడానికి తొందరపడకండి. మన ఇళ్ళలో వేసే రెండడుగుల టైలు 60 సెంటీమీటర్లు, అంటే బీ-బాట్ నడకలో సరిగ్గా నాలుగు అడుగులు. ఒక్క టైలు మీద సన్నటి కాగితపు టేపుతో నిలువుగా మూడు గీతలు, అడ్డంగా మూడు గీతలు అతికిస్తే పదహారు గళ్ళు తయారు. సుద్దతోగానీ ముగ్గుపిండితోగానీ గీయొద్దు. ఆ పొడి చక్రాలకు పట్టిందంటే జారుడు మొదలవుతుంది. తడిగుడ్డ పెట్టిన నేల పూర్తిగా ఆరాకే ఆట మొదలుపెట్టండి. మందపాటి తివాచీ మీద అడుగు కురచబడుతుంది, చాప మీద అయితే అల్లిక గట్లకు తగిలి పక్కకు తిరుగుతుంది.

ఒక ఆట పూర్తిగా చూద్దాం. ఎడమ చేతి కింది మూల గడిలో బీ-బాట్‌ను పైకి చూసేలా పెట్టండి. దానికి పైన రెండో గడిలో ‘ప’, ఆ ‘ప’కు కుడివైపు రెండో గడిలో ‘ల’, దాని పై గడిలో ‘క’ అని చీటీలు పెట్టండి. ‘పలక’ అని చదివించాలంటే: ముందుకు, ముందుకు, పాజ్, కుడి, ముందుకు, ముందుకు, పాజ్, ఎడమ, ముందుకు. తొమ్మిది ఆదేశాలు. పాజ్ దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, పిల్లవాడు ఆ అక్షరం పలకాలి.

ఎక్కువమంది పిల్లలు ఇక్కడ చేసే తప్పు ఒకటే. కుడి బాణం నొక్కితే కుడి గడిలోకి వెళ్ళిపోతుందనుకుని, ‘ప’ తరవాత ముందుకు ఒక్కసారే నొక్కుతారు. బొమ్మ ‘ల’కు ఒక గడి ఇవతల ఆగుతుంది. ఆ తరవాత అంతా సరిగ్గానే చేసినా ‘క’ పక్క గడిలో తేలుతుంది. అక్కడ మీరు నోరు విప్పకండి. తప్పు చివర్లో కనబడింది, జరిగింది మాత్రం మధ్యలో. దాన్ని వెతికి పట్టుకోవడమే ఈ బొమ్మ నేర్పే అసలు విద్య. బొమ్మ వెనక నిలబెట్టి, పిల్లవాణ్ణి కూడా అలాగే తిరగమనండి. తన ఒళ్ళు తిరిగింది తప్ప అడుగు పడలేదని ఇట్టే పట్టేస్తాడు. 1967లో గణితవేత్త సేమర్ పేపర్ట్, ఆయన సహచరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాషను తయారుచేశారు. ఆ తరవాత దానితో నేల మీద తాబేలు బొమ్మను నడిపించారు. అందులోనూ సూత్రం ఇదే: పిల్లలు ముందు తమ ఒంటితో ఆలోచిస్తారు.

రెండో తప్పు ఇంటూ గుర్తు మరిచిపోవడం. బీ-బాట్ పని అయిపోయాక కూడా పాత ఆదేశాలు వదలదు. చెరపకుండా కొత్తవి ఐదు నొక్కితే, ముందు పాత తొమ్మిదీ చేసి ఆ తరవాతే ఈ ఐదూ చేస్తుంది. ‘బొమ్మ పాడైంది’ అని పెద్దవాళ్ళే పక్కన పెట్టేసేది ఎక్కువగా ఈ కారణంగానే. మూడోది, బొమ్మ పిల్లవాడికి ఎదురుగా వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారు కావడం. దాని ఒంటికి ఎర్ర చుక్క ఒకవైపు, నీలి చుక్క మరోవైపు అతికించి, పిల్లవాడి చేతులకూ అవే రంగుల దారాలు కడితే సరిపోతుంది.

బీ-బాట్‌లో పెద్ద లోపం, నొక్కిన ఆదేశాలు ఎక్కడా కనబడకపోవడం. తప్పు ఎక్కడో చూద్దామంటే చూడ్డానికి ఏమీ ఉండదు. అందుకే బాణాల చీటీలు తప్పనిసరి. పాత పెళ్ళిపత్రికల అట్టలు కోసి ముందుకు బాణాలు పన్నెండు, కుడి ఆరు, ఎడమ ఆరు, పాజ్ నాలుగు చేసుకోండి. ముందు చీటీలు వరసగా పేర్చాలి, తరవాత ఒక్కో చీటీ మీద వేలు పెడుతూ బటన్ నొక్కాలి. బొమ్మ నడుస్తున్నప్పుడు మరో పిల్లవాడు చీటీల వెంట వేలు కదపాలి. వేలూ బొమ్మా ఎక్కడ విడిపోయాయో తప్పు అక్కడ. చీటీలు లేకుండా ఇస్తే ఇది రిమోట్ కారుకు తక్కువ, మామూలు కారుకు ఎక్కువ.

క్యూబెట్టో అనే చెక్కబొమ్మలో ఈ ఇబ్బంది లేదు. ఆదేశాల ముక్కలు పలక మీద అలాగే ఉంటాయి, కళ్ళ ముందే సరిదిద్దుకోవచ్చు. కానీ ఖరీదు చాలా ఎక్కువ, ముక్కలు పోతే ఆట ఆగిపోతుంది.

నడక కచ్చితత్వం బాగానే ఉంటుంది, ఆశలు మాత్రం అదుపులో ఉండాలి. ఒక మలుపులో 2 డిగ్రీలు తేడా వస్తే నాలుగు అడుగులు వెళ్ళేసరికి బొమ్మ 2 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అలాంటి మలుపులు మూడు నాలుగు కలిస్తే గడి గీత మీద నిలబడుతుంది. పది పన్నెండు ఆదేశాలకు ఒకసారి చేత్తో గడి మధ్యలోకి సర్దండి. తేడా ఒక్కసారిగా పెరిగిందంటే బొమ్మను తిరగేసి చూడండి, చక్రం ఇరుసుకు తలవెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. పట్టకారుతో లాగేస్తే చాలు. పిల్లలు దీన్ని మోటారు బండిలా నేల మీద తోయకుండా మొదటిరోజే నేర్పాలి. లోపలి పళ్ళచక్రాలు అరిగాయంటే బాగుచేయడం కష్టం.

ఏడేళ్ళు దాటిన పిల్లలకు కొనొద్దు. చతురస్రం నడిపించడానికి ముందుకు, కుడి అని నాలుగుసార్లు, మొత్తం ఎనిమిది నొక్కులు నొక్కాలి. ‘అదే మళ్ళీ మళ్ళీ ఎందుకు నొక్కాలి?’ అని ఆ వయసు పిల్లలు అడుగుతారు. లూప్, అంటే అవే ఆదేశాలను తిరిగి తిరిగి చేయించడం, నేర్పాల్సిన క్షణం అదే. బీ-బాట్‌లో లూప్ లేదు. ఆ ప్రశ్న వచ్చిన ఇంటికి బాట్లీ అనే మరో రోబో బొమ్మ నయం. దాని రిమోట్‌లో లూప్ బటన్ ఉంది, దారిలో అడ్డు వస్తే కనిపెట్టే ఏర్పాటూ ఉంది.

బడికి కొనేవాళ్ళు నలుగురు పిల్లలకు ఒకటి చొప్పున లెక్క వేసుకోండి: ఒకరు చీటీలు పేరుస్తారు, ఒకరు నొక్కుతారు, ఒకరు చీటీల వెంట వేలు కదుపుతారు, ఒకరు బొమ్మ వెంట నడుస్తారు. ఆరుగురైతే ఇద్దరు కిటికీలోంచి బయటకు చూస్తుంటారు.