మారేడుమిల్లి వెళ్లే ముందు కారు ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవండి

విజయవాడ నుంచి రాజమండ్రి, అక్కడి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి దాకా ప్రయాణం హాయిగా సాగింది. రూమ్ 2,400, శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లు వచ్చాయి. బొంగు చికెన్ 350, పిల్లలు మళ్లీ కావాలన్నారు. ఇదంతా రాయడానికి కారణం మాత్రం మా ఇన్సూరెన్స్ కంపెనీ.

చింతూరు ఘాట్ దారిలోంచి ఒక వాగు వైపు లోపలికి తిరిగాం. కంకర లేచిపోయిన రోడ్డు. కింద ఠంగుమని చప్పుడైంది. దిగి చూస్తే ఆయిల్ సంప్ (ఇంజన్ కింద ఆయిల్ నిలవుండే తొట్టి) రాయి తగిలి చీలింది, నల్లటి ఆయిల్ సన్నటి ధారగా కారుతోంది. మా ఆవిడ టిఫిన్ డబ్బా మూత కింద పెడితే చూస్తుండగానే నిండిపోయింది. మా బావమరిది వెంటనే "బావా, స్టార్ట్ చెయ్యొద్దు, ఇంజన్ పట్టేస్తుంది" అన్నాడు. ఆ మాట లక్ష రూపాయల మాట. సంప్ పగలడం యాక్సిడెంట్ కిందకి వస్తుంది కాబట్టి మామూలు పాలసీ ఇస్తుంది, కానీ ఆయిల్ లేకుండా నడిపి ఇంజన్ సీజ్ అయితే ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ లేనివాళ్లకి పైసా రాదు.

సిగ్నల్ లేదు. ఒక ఊరి కుర్రాడు బైక్ మీద బావమరిదిని సిగ్నల్ దొరికే దాకా తీసుకెళ్లాడు, ఎంత బతిమాలినా పెట్రోలు డబ్బులు కూడా తీసుకోలేదు. రోడ్ సైడ్ అసిస్టెన్స్ కోసం ప్రీమియంలో విడిగా 299 కట్టాం. అమ్మేటప్పుడు ఏజెంటు "ఇండియాలో ఎక్కడైనా సార్, ఒక్క ఫోన్ చాలు" అన్నాడు. ఫోనులో అమ్మాయి మాత్రం మా సర్వీస్ సెంటర్ నుంచి 50 కిలోమీటర్లు దాటితే టోయింగ్ (బండిని లాక్కెళ్లడం) రాదండీ అని చల్లగా చెప్పేసింది. రాజమండ్రే అక్కడికి 80 కిలోమీటర్ల పైన! ఏజెన్సీలో బండి ఆగితే పనికిరాని అసిస్టెన్స్ బెంజ్ సర్కిల్‌లో ఎవరికి కావాలి? చీకటి పడే దాకా రోడ్డు మీదే ఉన్నాం, మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది, చిన్నోడు ఏడుపు.

రాజమండ్రి దాకా ప్రైవేటు టోయింగ్ 9,500. పాలసీలో దానికి ఇచ్చేది 1,500, అంతే. రిపేరు బిల్లు 12,400. జీరో డెప్ అనే అదనపు కవర్ ఉంది కాబట్టి పార్టులు పాతబడ్డాయని తరుగు కోయలేదు, లేకపోతే మూడేళ్లు దాటిన బండికి ఇనుప సామాను మీద 25 శాతం, ప్లాస్టిక్, రబ్బరు మీద సగం పోయేవి. కానీ కన్స్యూమబుల్స్ (వాడితే అయిపోయే సామాను) కవర్ లేదని ఆయిల్, ఫిల్టర్ వగైరా 3,900 ఇవ్వలేదు, క్లెయిములో మనమే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు ఇంకో 1,000 (1500 సీసీ దాటిన బండికి 2,000). మొత్తం 12,900 మా చేతి నుంచే పోయింది. క్లెయిమ్ చేసినందుకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కూడా సున్నా, వచ్చే ఏడు 45 అయ్యేది.

కాబట్టి ఘాట్లు, అడవి దారులు తిరిగేవాళ్లు ప్రీమియం ఎంత తక్కువ అని చూడకండి. టోయింగ్ ఎన్ని కిలోమీటర్లు, ఎక్కడి నుంచి లెక్క, ఈ రెండూ రాతపూర్వకంగా అడగండి. ఏజెంటు వాట్సాప్‌లో "అంతా కవర్ సార్" అంటే సరిపోదు, పాలసీ వర్డింగ్‌లో (షరతులన్నీ రాసి ఉండే పత్రంలో) ఆ పేజీ చూపించమనండి. జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్, కన్స్యూమబుల్స్ మూడూ ఉండాల్సిందే. టైర్ కవర్ నేనైతే తీసుకోను, ఆ డబ్బుతో మంచి స్టెప్నీ ఉంచుకుంటాను. కంపెనీ మాట వినకపోతే ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల 155255కి ఫోన్ చేయండి. గుడిస కొండకి మాత్రం ఏ కవర్ ఉన్నా సొంత కారు ఎక్కించొద్దు, మారేడుమిల్లిలో జీపు మాట్లాడుకోండి.

రెన్యువల్‌కి కంపెనీ మార్చాను. 1,150 ఎక్కువైంది, టోయింగ్‌కి దూరం లెక్క లేదని వర్డింగ్‌లోనే రాసి ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి కారు డాష్‌బోర్డులో పెట్టాను.