నాన్న తువ్వాలు, లాడ్జివాడి మూడు వందలు

ఈ ప్రయాణం గురించి రాయాలని నేను అనుకోలేదు. లాడ్జి కౌంటర్లో కూర్చున్న కుర్రాడు మా అమ్మతో, "గది తువ్వాలు మీ సంచిలో కనిపిస్తోంది, మూడు వందలు కట్టండి" అనకపోయి ఉంటే రాసేదాన్నీ కాదు.

నాన్న సంవత్సరీకం అయిన మరుసటి శనివారం, నవంబరులో, కల్వకుర్తి నుంచి నల్లమలకు బయలుదేరాం. అమ్మ, నేను, తమ్ముడు, వాడి తొమ్మిదేళ్ల కూతురు. నాన్న బడిపంతులు. రెండు రోజులు సెలవు వస్తే చాలు, మమ్మల్నిద్దరినీ వెంటేసుకుని అచ్చంపేట బస్సెక్కేవాడు. మిగతా పంతుళ్లు ట్యూషన్లు చెప్పుకుంటుంటే ఈయన మాకు నల్లమద్ది చెట్టుకూ ఏగిస చెట్టుకూ తేడా చెప్పేవాడు. అమ్మకు అడవంటే పడదు. "పిల్లల్ని పులికి అప్పజెప్పడానికి తీసుకుపోతున్నాడు" అని గొణుగుతూనే అటుకులు మూట కట్టేది. ఈసారి వెళదామని మొదట అన్నది మాత్రం ఆవిడే.

మొదటి రోజు రంగాపూర్ దాటి ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు. కొండ చరియ గొడుగు పట్టినట్టు ఉంటుంది, దాని కింద గుడి. పాపనాశనం దగ్గర బండలోంచి చుక్కచుక్కగా నీళ్లు. కోతులు అరటిపండ్లు ఎత్తుకుపోవడం తప్ప చెప్పుకోవలసినదేమీ జరగలేదు.

ఆ రాత్రి దిగిన లాడ్జి గురించి మాత్రం చెప్పాలి. పేరు రాయను. ఫోనులో 1,400 అన్నారు. సామాను దించాక "శనివారం రేటు" అని 1,900 చేశారు. అడవి కనిపించే గది అన్నారు, కిటికీ తెరిస్తే జనరేటరు కనిపించింది. అది రాత్రి పదకొండు దాకా మోగింది. వేడినీళ్లు బకెట్ 40 రూపాయలు. నాలుగు బకెట్లకు 160. తువ్వాలు ఒక్కటీ ఇవ్వలేదు. అడిగితే చాకలికి వేశామన్నారు. తమ్ముడు గొడవకు దిగబోతే అమ్మ ఆపింది. "మీ నాన్నైతే గుడి అరుగు మీద పడుకోబెట్టేవాడు. 1,900 మిగిలేవి" అన్నది. అది నాన్నను మెచ్చుకోవడమో మమ్మల్ని ఎత్తిపొడవడమో అర్థం కాలేదు.

పొద్దున ఖాళీ చేస్తుంటే మొదలైంది తువ్వాలు సంగతి. నాన్న ఎర్రగళ్ల తువ్వాలును అమ్మ తెచ్చుకుంది. ఏడాదిగా ఆవిడ తలగడ కింద ఉండేది అదే. సంచి మీద మడతపెట్టి ఉన్నదాన్ని కుర్రాడు చూశాడు. మాది అంటే వినడే. అమ్మ మడత విప్పి కౌంటరు మీద పరిచింది. మూలన నీలం దారంతో ఇంటూ గుర్తు. "చాకలి దగ్గర కలిసిపోకుండా నేను కుట్టినది" అన్నది. "మా వాటికీ గుర్తులుంటాయమ్మా" అన్నాడు వాడు. అప్పుడు ఆవిడ మధ్యలో కాలిన చోట వేలు పెట్టి చూపించింది. రూపాయి బిళ్లంత రంధ్రం, చుట్టూ గోధుమరంగు మరక. "మన్ననూరు పైన మూడు రాళ్ల పొయ్యి మీద చాయ్ గిన్నె దించుతూ ఆయన కాల్చుకున్నది ఇది. మీ చాకలిని పిలువు, ఇది ఎక్కడ కాలిందో చెప్పమను." గొంతు పెంచలేదు. లోపలి నుంచి యజమాని వచ్చి పోనివ్వమన్నాడు. క్షమించమని మాత్రం ఇద్దరిలో ఎవరూ అనలేదు. వేడినీళ్ల 160 కూడా పట్టుకునే వదిలారు.

మీరు వెళితే ఫోను మాట నమ్మకండి. రేటు, తేదీ సందేశంగా పంపించుకుని, గది చూశాకే సామాను దించండి.

మన్ననూరులో ఒక చిన్న హోటల్లో తిన్నాక గాని తమ్ముడి మొహం తేటపడలేదు. పొయ్యి మీంచి నేరుగా పళ్లెంలోకి జొన్నరొట్టె, గుత్తి వంకాయ, పచ్చిపులుసు. మనిషికి 80 రూపాయలు. పచ్చిపులుసులో ఉల్లిపాయ పచ్చిగా, కాస్త మందంగా తరిగి వేసింది ఆ ఇంటి ఆవిడ. నాన్నకు అలాగే ఉండాలి. అమ్మ రెండోసారి పోయించుకుంది. ఈ ఏడాదిలో ఆవిడ ఏదైనా రెండోసారి అడగడం నేను చూడలేదు.

రాష్ట్రం విడిపోయాక ఇటువైపు అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది, 2,611 చదరపు కిలోమీటర్లు. ఫరహాబాద్ వ్యూ పాయింటుకు అటవీశాఖ బండిలోనే వెళ్లాలి. రసీదు ఇచ్చారు, పైన రూపాయి అడగలేదు. పులి కనిపించలేదు. దుప్పుల గుంపు, రెండు నెమళ్లు. మేనకోడలు ఉసూరుమంది.

దానికి ఈ అడవి లోయలోనే ఉన్న సలేశ్వరం కథ చెప్పాను. చైత్ర పౌర్ణమికి జాతర. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ జనం లోయలోకి దిగుతారు. నా ఏడో ఏట సగం దారిలో కాళ్లు బొబ్బలెక్కాయి. నాన్న తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, దాని మీద నన్ను కూర్చోబెట్టుకుని దిగాడు. ముల్లు గుచ్చుకుంటే జిల్లేడు పాలు చుక్క వేసి, పిన్నీసుతో నెమ్మదిగా లేపేవాడు. తీస్తున్నంతసేపూ తన నోరే "స్స్" అంటుండేది. "ఈ తువ్వాలేనా?" అని అడిగింది పిల్ల. కాదు, అప్పటిది ఎప్పుడో చిరిగింది. కానీ ఏది కొన్నా ఆ ఎర్రగళ్లే.

చివరగా మల్లెల తీర్థం జలపాతం. వటవర్లపల్లి దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి లోపలికి తిరగాలి. మెట్లు మూడు వందల పైచిలుకు. దిగేటప్పుడు సరదా, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్నవారు పైనే ఆగడం మంచిది. అమ్మ పైన రాయి మీద కూర్చుంది. వేసవిలో వెళ్లకండి, ధార సన్నబడిపోతుంది. వానలు వెనకబట్టాకే దాని అందం.

పిల్ల బట్టలతోనే ధార కింద దూరింది. పైకి వచ్చేసరికి వణుకుతోంది. తుడవడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. అమ్మ సంచి తెరిచి ఒక్క క్షణం ఆగింది. తరవాత ఆ తువ్వాలే తీసి పిల్ల తల గట్టిగా తుడిచింది. రాత్రి తొమ్మిదికి అడవి రోడ్డు గేట్లు వేసేస్తారని తమ్ముడు తొందరపెట్టాడు. తడి తువ్వాలును వెనక అద్దంలో ఇరికించి, ఎగిరిపోకుండా మూల పట్టుకుని కూర్చుంది అమ్మ.